అడక్కుండానే పెట్టే అమ్మ

1983వ సంవత్సరం. మొదటి మెకింటాష్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. స్విచ్ వేశాక అది పనికి సిద్ధమవడానికి మరీ ఎక్కువసేపు పడుతోందని స్టీవ్ జాబ్స్‌కి చిరాగ్గా ఉంది. ఆ భాగం చూస్తున్న లారీ కెన్యన్ అనే ఇంజనీరు దగ్గరికొచ్చి ఒక లెక్క చెప్పాడు. రోజూ 50 లక్షల మంది ఈ మెషీన్ ఆన్ చేస్తారనుకుందాం. ఒక్కొక్కరికీ 10 సెకన్లు తగ్గిస్తే రోజుకి 5 కోట్ల సెకన్లు. ఏడాది పొడుగునా కలిపితే అది ఓ డజను మనుషుల జీవితకాలం. అంటే ఆ పది సెకన్లు తగ్గిస్తే నువ్వు డజను ప్రాణాలు కాపాడినట్టే! ఆ బృందంలోనే పనిచేసిన ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ తర్వాతెప్పుడో ఈ సంగతి రాశాడు. ఇంజనీర్లు నిజంగానే రెండు నెలల్లో పది సెకన్లకి పైగా తగ్గించారట.

ఇంజనీరుని కదా, లెక్క వినగానే సరిచూడాలనిపిస్తుంది. ఏడాదికి 1,825 కోట్ల సెకన్లు. అంటే దాదాపు 579 ఏళ్ళు. మనిషికి 70 ఏళ్ళ ఆయుష్షు వేసుకుంటే ఎనిమిది మంది పైచిలుకు. డజను రాలేదు. నిద్రపోయే ఎనిమిది గంటలు తీసేసి, మెలకువగా ఉండే పదహారు గంటలే బతుకు అనుకుంటే పన్నెండు పైచిలుకు వస్తుంది. జాబ్స్ అంత దూరం ఆలోచించి చెప్పాడని నేననుకోను గానీ, అంకె మాత్రం బానే కుదిరింది.

అంకె సంగతి సరే, ఆ వాదం కుదురుతుందా? 50 లక్షల మంది దగ్గర తలా పది సెకన్లు పోగుచేస్తే అది ఒక మనిషి బతుకు అవుతుందా? ఆ 579 ఏళ్ళని ఎవరూ బతకలేదు. అవి ఎవరి ఖాతాలోనూ పడలేదు. పది సెకన్లు మిగిలినవాడు కిటికీలోంచి బయటికి చూడటం మానేసి పది సెకన్లు ముందుగా ఈమెయిల్ తెరిచాడు, అంతే. కానీ దీన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ కష్టమే. డెరెక్ పార్ఫిట్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఒక ఊహాచిత్రం గీశాడు. వెయ్యి మంది హింసకులు, వెయ్యి మంది బాధితులు. ఒక్కో హింసకుడు మీట నొక్కితే ప్రతి బాధితుడికీ తగిలే కరెంటు వెయ్యో వంతు పెరుగుతుంది. ఆ తేడా ఏ బాధితుడికీ తెలియదు. కానీ వెయ్యి మందీ నొక్కేసరికి వెయ్యి మందీ నరకం చూస్తారు. ఒక్కో హింసకుడూ "నేను చేసిందాని వల్ల ఎవరికీ నొప్పి పెరగలేదు" అని నిజాయితీగానే అనగలడు. అయినా జరిగింది ఘోరమే కదా. చిన్న కష్టాలు కలిసి లెక్కలోకి వస్తాయని ఒప్పుకుంటే, చిన్న సాయాలు కూడా లెక్కలోకి రావాలి. కాబట్టి జాబ్స్ మాటని పూర్తిగా అతిశయోక్తి అనలేం. అయితే లెక్క వేసినప్పుడు మిగిలింది మాత్రమే కాకుండా, అది మిగలడానికి అయిన ఖర్చు ఎవరి మీద పడిందో కూడా వేయాలి. ఈ వ్యాసం దాని గురించే.

కంప్యూటర్ త్వరగా మొదలవడానికి వాడే పద్ధతుల్లో నాకు బాగా ఇష్టమైనది ఫైళ్ళని ముందే మెమరీలోకి తెచ్చిపెట్టుకోవడం. ప్రీలోడ్, ప్రీఫెచ్ అని రకరకాల పేర్లున్నా సంగతి ఒకటే. పాత హార్డ్‌డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగడం, ఆ ముక్క తిరిగి ముల్లు కిందికి రావడం, అంతా కలిపి ఓ పది మిల్లీసెకన్లు అనుకోండి. అదే ముక్క ర్యామ్‌లో ఉంటే దాదాపు 100 నానోసెకన్లలో దొరుకుతుంది. లక్ష రెట్ల తేడా. ర్యామ్‌లోంచి తీసుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, డిస్క్ మీంచి తేవడానికి 28 గంటలు పడుతుందన్నమాట. పోపుల డబ్బాలో ఆవాలు తీసుకోవడానికీ, ఆవాల కోసం ఊరెళ్ళి రావడానికీ ఉన్నంత తేడా.

ఒక ప్రోగ్రాం మొదలవడానికి వందల ముక్కలు కావాలి. అవన్నీ డిస్క్ మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. కావలసినప్పుడల్లా పరిగెత్తుకెళ్ళి తెస్తే పది మిల్లీసెకన్ల చొప్పున పోగవుతూ ఉంటుంది. దీనికి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఒక ఉపాయం పెట్టారు. ప్రోగ్రాం మొదలైన తొలి పది సెకన్లలో ఏయే ఫైళ్ళలో ఏయే ముక్కలు అడుగుతోందో చూసి ఒక చిట్టా రాసిపెట్టుకుంటుంది. మర్నాడు మీరు అదే ప్రోగ్రాం తెరిచినప్పుడు ఆ చిట్టా ముందేసుకుని, ఒకదాని కోసం ఒకసారి కాకుండా అన్నీ ఒక వరసలో చదివేస్తుంది. చీటీ రాసుకుని బజారుకెళ్ళి ఒకే ట్రిప్పులో అన్నీ తెచ్చుకున్నట్టు. తర్వాత విస్టాలో వచ్చిన సూపర్‌ఫెచ్ ఇంకో అడుగు ముందుకేసింది. మీరు ఏ ప్రోగ్రాం ఏ వేళప్పుడు వాడతారు, మామూలు రోజుల్లో ఏవి, శని ఆదివారాల్లో ఏవి అని గమనించి, మీరు అడక్కముందే వాటిని తెచ్చి ఖాళీ మెమరీలో పెడుతుంది. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు యాంటీవైరస్ లాంటిదేదో మెమరీ అంతా ఆక్రమించేస్తే, మీరొచ్చేలోగా మీ వస్తువులు మళ్ళీ యథాస్థానంలో పెట్టడానికి ప్రయత్నిస్తుంది.

లినక్స్‌లో ఇలాంటి పని చేసే 'ప్రీలోడ్' అనే చిన్న ప్రోగ్రాంని 2005లో బెహ్దాద్ ఎస్ఫాబోద్ రాశాడు. తర్వాత టొరంటో విశ్వవిద్యాలయంలో ఆయన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం కూడా దాని మీదే. మామూలుగా అది ప్రతి 20 సెకన్లకోసారి లేచి, ఇప్పుడేవి నడుస్తున్నాయో చూస్తుంది. ఇది నడుస్తున్నప్పుడు తర్వాత అది తెరిచే సంభావ్యత ఎంత అని మార్కోవ్ గొలుసులతో లెక్కేసి, రాబోయేదాన్ని ముందే చదివిపెడుతుంది. బెహ్దాద్ పేరు మనం విని ఉండకపోవచ్చు గానీ ఆయన పని రోజూ చూస్తున్నాం. ఈ వ్యాసాన్ని మీరు క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో చదువుతుంటే, ఒత్తుల్నీ గుణింతాల్నీ సరైన చోట కూర్చోబెడుతున్న హార్ఫ్‌బజ్‌ని నడిపించిందీ ప్రధానంగా ఆయనే.

ఇవన్నీ నిలబడింది ఒకే ఒక్క నమ్మకం మీద. నిన్న చేసినదే రేపూ చేస్తారు. ఈ నమ్మకానికి ఆధారం ఏమిటని అడిగితే మాత్రం పాత తగాదాలోకి దిగినట్టే. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందని మీకెలా తెలుసు, చూసినవి కొన్నే కదా, చూడనివాటి గురించి ఎవరు హామీ ఇచ్చారు అని చార్వాకులు అడిగారు. 14వ శతాబ్దంలో మాధవుడు రాసిన 'సర్వదర్శన సంగ్రహం' మొదలయ్యేదే ఈ వాదంతో. 1748లో డేవిడ్ హ్యూమ్ కూడా అక్కడికే వచ్చాడు. రేపు సూర్యుడు ఉదయిస్తాడనడానికి తర్కపరంగా రుజువు లేదు, అలవాటే మనచేత అలా ఎదురుచూసేలా చేస్తుంది, అయినా ఆ అలవాటు లేకుండా బతకలేం అన్నాడు. సూపర్‌ఫెచ్ ఈ తగాదాలో ఎవరి పక్షమూ కాదు. దానికి తను చెప్పేది నిజం కానవసరం లేదు. ఎక్కువసార్లు కుదిరితే చాలు. కుదరనప్పుడు ఎవరికీ నష్టం లేకపోతే చాలు.

ఈ రెండో వాక్యం మీదే నాకు ఆసక్తి. ఊహ తప్పితే ఏమవుతుంది? మీరు రోజూ తొమ్మిదింటికి ఎక్సెల్ తెరుస్తారని అది తెచ్చిపెట్టింది. ఇవాళ మీకు బుద్ధి పుట్టి బొమ్మలు గీసుకునే ప్రోగ్రాం తెరిచారు. అప్పుడది ఎక్సెల్ ముక్కల్ని క్షణంలో వదిలేసి ఆ చోటు కొత్తదానికి ఇచ్చేస్తుంది. అసలు ప్రతి డిస్క్ మీద భద్రంగానే ఉంది కాబట్టి పారేయడానికి ఖర్చేం లేదు. మొహం ముడుచుకోవడం లేదు, "రోజూ ఇదే కదా తీసుకుంటారు" అనడం లేదు. విస్టా వచ్చిన కొత్తల్లో చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి ఖాళీ మెమరీ అంత తక్కువ ఉందేమిటని కంగారుపడ్డారు. దానికి ఇంజనీర్ల దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు, ఖాళీగా ఉన్న మెమరీ దండగ మెమరీ అని. యంత్రం వరకూ ఆ మాటలో తప్పులేదు. ఖాళీ చిప్పుకీ నిండిన చిప్పుకీ కరెంటు ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు. మనకో సామెత ఉంది, అడగందే అమ్మైనా పెట్టదని. ఎవరు పుట్టించారో గానీ, మా ఇంట్లో అయితే కాదు. మా నాన్నగారి ఉదయం చాలా వేగంగా మొదలయ్యేది. వేన్నీళ్ళు, కాఫీ, ఇస్త్రీ చొక్కా, క్యారేజీ, స్కూటర్ తాళం. ఏదీ అడగక్కర్లేదు, చెయ్యి చాపితే ఉండేది. దీని వెనకాల ఎంత ముందస్తు పని ఉందో చూడండి. ఎల్లుండి ఇడ్లీ అంటే రేపు మధ్యాహ్నమే పప్పు నానాలి. ఫలానా వారం ఫలానా వాళ్ళొస్తే పాలు ఎక్కువ చెప్పాలి. గ్యాస్ ఎన్నాళ్ళొస్తుందో, బామ్మ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, చెల్లి స్కూలు ఫీజు ఎప్పటిలోగా కట్టాలో, అన్నీ ఒక్క బుర్రలోనే. ఇక్కడ ఊహ తప్పితే ఖర్చుంది. నాన్నగారు ఆ పూట బయట టిఫిన్ చేసొస్తే పులిసిన పిండిని క్షణంలో వదిలేయడం కుదరదు. దాన్ని రెండు పూటలు అమ్మే తింటుంది.

అమ్మ ఓసారి పిన్ని వాళ్ళింటికి వెళ్ళి పది రోజులుంది. మూడో రోజో నాలుగో రోజో నేను ఫోన్ చేసి, "ఏమ్మా, తోచట్లేదా?" అన్నాను. "తోచకపోవడమేంట్రా! పొద్దున్న లేచి ఏమీ గుర్తు చేసుకోకుండా కూచున్నా. తల ఎంత తేలిగ్గా ఉందో" అంది. వృత్తిలో భాగంగా మెమరీ గురించి చాలా విన్నాను, చాలా చదివాను. ఖాళీగా ఉన్న మెమరీ దండగ కాదని మాత్రం అప్పుడే ఒకరి నోటమ్మట విన్నాను. మనిషి బుర్రలో ఇంకొకరి అవసరాలు లేని చోటు ఆ మనిషిది. అక్కడేదైనా పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు. రెండూ ఆమె ఇష్టం. జాబ్స్ లెక్కని మా ఇంటికి తెచ్చుకుంటే, నాన్నగారికి మిగిలిన ప్రతి నిమిషమూ ఎక్కడో ఖర్చయింది. అది కనపడకపోవడానికి కారణం అది అంత బాగా జరగడమే. బాగా రాసిన ప్రీలోడ్‌ని కూడా ఎవరూ గమనించరు.

ఖర్చు ఇంకొకరి మీదికి నెట్టడం సాఫ్ట్‌వేర్లోనూ జరిగింది. 2000ల తొలి సంవత్సరాల్లో కంప్యూటర్ ఆన్ చేస్తే కింద కుడివైపు మూలన గడియారం పక్కన చిన్న చిన్న బొమ్మలు వరస కట్టేవి గుర్తుందా? ఓపెనాఫీస్‌కి క్విక్‌స్టార్టర్ ఉండేది. అడోబీ రీడర్‌కి స్పీడ్ లాంచర్ ఉండేది. కంప్యూటర్ మొదలవగానే ఇవి తమ ప్రోగ్రాం ముక్కల్ని మెమరీలోకి లాక్కునేవి. మీరు తెరిచినప్పుడు ఆ ప్రోగ్రాం చకచకా తెరుచుకునేది, చూశారా మా వాడెంత చురుకో అనిపించేది. కానీ ప్రతి ప్రోగ్రాం అదే ఎత్తు వేస్తే? ఒక్కో ప్రోగ్రాం వేగం పెరిగి, అసలు కంప్యూటర్ మొదలవడమే నత్తనడక అవుతుంది. పార్ఫిట్ చెప్పిన మీటలు నొక్కేవాళ్ళు వీళ్ళే. ఎవరికి వారు "మేం తీసుకున్నది రెండు సెకన్లే" అంటారు. సూపర్‌ఫెచ్‌కీ వీటికీ తేడా పనిలో లేదు, నిలబడ్డ చోటులో ఉంది. అది మొత్తం మీ వాడకాన్ని చూసి పంచుతుంది. ఇవి మీ తరఫున కాకుండా తమ తరఫున మీ మెమరీలో తువ్వాలు వేసుకుని సీటు ఆపుకుంటాయి. మన ఆర్టీసీ బస్సెక్కినవాళ్ళెవరికీ దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

ముందే తెచ్చిపెట్టడం ఒకటి, ముందే చేసేయడం ఇంకోటి. ఈ రెండూ కలిసిపోతే ఏమవుతుందో 2005 మే నెలలో బయటపడింది. గూగుల్ వాళ్ళు వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి విడుదల చేశారు. మీరు చూస్తున్న పేజీలో ఉన్న లింకుల వెనక పేజీల్ని మీరు నొక్కకముందే తెచ్చిపెడుతుంది. ఆలోచన బాగానే ఉంది. అయితే అప్పట్లో కొన్ని వెబ్ అప్లికేషన్లలో 'డిలీట్' కూడా ఒక మామూలు లింకే. పాపం ఈ ప్రోగ్రాం దాని వెనక ఏముందో చూద్దామని ఆ లింకు తడితే, అక్కడున్నది కాస్తా చెరిగిపోయింది. తప్పెవరిదని అప్పుడు పెద్ద వాదన నడిచింది. 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం ఊరికే తెమ్మని అడిగే అభ్యర్థన వల్ల ఏదీ మారకూడదు. అంటే లింకుని అలా రాసినవాళ్ళదే తప్పు. కానీ అనుమతి లేకుండా తలుపులన్నీ తట్టుకుంటూ పోవడం మర్యాదేనా అని అవతలివాళ్ళ ప్రశ్న. నాకు రెండు పక్షాలూ కొంత కొంత సరే అనిపిస్తాయి. దీన్నుంచి నేను తీసుకున్నది ఒకటే. ఊహించేవాడు చూడటం దగ్గరే ఆగాలి. వస్తువుని చేతికి అందేంత దగ్గర పెట్టడం వరకే వాడి పని. చెయ్యి చాపడం మాత్రం నా పనే.

ఇవాళ్టి ఫోన్లలో ఈ గీత దాదాపు చెరిగిపోయింది. తర్వాతి వీడియో ముందే వచ్చి కూర్చోవడం ప్రీలోడ్. మీరేమీ అనకముందే అది మొదలైపోవడం వేరే సంగతి. మొదటిదానిలో కుదిరితే నాకు సమయం మిగులుతుంది. రెండోదానిలో నా సమయం తీసుకోవడానికే అది ముందే సిద్ధమై ఉంటుంది. పైకి రెండూ ఒకటే సాంకేతికత. రెండూ నిన్నటి నన్ను చూసి రేపటి నన్ను ఊహిస్తాయి. కానీ సూపర్‌ఫెచ్ ఊహ తప్పితే తన సరుకు సర్దుకుని పోతుంది. ఈ రెండోది తన ఊహ నిజమయ్యేదాకా నన్ను వదలదు. నిన్న చూసినవాటిలాంటివే ఇవాళా వరసగా వచ్చి మొదలైపోతుంటే, ఇంకోటి చూడాలన్న కోరిక పుట్టడానికి సందు ఏది? హ్యూమ్ అలవాటుని మార్గదర్శి అనుకున్నాడు. మార్గం ఒక్కటే మిగిల్చే మార్గదర్శిని ఏమనాలి?

జ్ఞాపకం సంగతి ఇంకోటుంది. తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో స్మృతికి మూలం సంస్కారం అంటాడు. అనుభవం పోయినా లోపల మిగిలిపోయిన ముద్ర అన్నమాట. విండోస్‌లో ప్రీఫెచ్ అనే ఫోల్డర్ తెరిచి చూస్తే అచ్చంగా అలాంటి ముద్రలే కనిపిస్తాయి. ఏ ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిచింది, చివరిసారి ఎప్పుడు నడిచింది, అన్నీ అందులో ఉంటాయి. విండోస్ 8 నుంచి అయితే చివరి ఎనిమిది సార్ల వేళలు ఉంటాయి. వేగం కోసం రాసుకున్న ఈ చిట్టాలు నేర పరిశోధకులకి మంచి సాక్ష్యాలయ్యాయి. ప్రోగ్రాంని తీసేసినా, అది ఒకప్పుడు ఇక్కడ నడిచిందని ఆ ముద్ర చెప్పగలదు. దొంగని పట్టిస్తే మంచిదే, నిర్దోషిని విడిపిస్తే ఇంకా మంచిది. కానీ మనకి సేవ చేయడానికి మనల్ని గమనించే ప్రతిదీ మన గురించి చెప్పగలిగేది కూడా అవుతుంది. నమ్మకస్తుడైన పనివాడి విషయంలో పాతకాలం ఇళ్ళల్లో ఉన్న భయమే ఇది. ఎక్కువ తెలిసినవాడే ఎక్కువ సుఖపెట్టగలడు. వాడు ఎవరితో మాట్లాడతాడన్నది మన చేతిలో ఉండదు.

వేగం గురించి నాకు గౌరవం కలిగించిన ఒక సందర్భం కూడా చెప్పాలి. 2008లో ఇంటెల్‌లో పనిచేసే అర్యన్ వాన్ డె వెన్, ఆకె కోక్ అనే ఇద్దరు ఒక చిన్న ఆసుస్ ల్యాప్‌టాప్‌ని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. కొంచెం కొంచెం తగ్గిద్దాం అనుకోలేదు, ముందే బడ్జెట్ వేసుకున్నారు. కెర్నెల్‌కి 1 సెకను, తొలి సేవలకి 1, తెర గీసే భాగానికి 1, డెస్క్‌టాప్‌కి 2. ఫైళ్ళని ముందే చదివిపెట్టుకోవడం వాళ్ళ ఉపాయాల్లో ఒకటి మాత్రమే. ముఖ్యం ఏమిటంటే 'సిద్ధం' అన్న మాటకి వాళ్ళు ఇచ్చుకున్న అర్థం. తెర మీద బొమ్మ రావడం కాదు, ప్రాసెసరూ డిస్కూ పని ముగించి ఊరుకున్నప్పుడే బూట్ అయినట్టు. అప్పటికి చాలా సిస్టమ్‌లు అందమైన డెస్క్‌టాప్ చూపించేసి, వెనకాల ఇంకో నిమిషం గిలగిల్లాడుతూ ఉండేవి. అతిథి వచ్చేసరికి ముందు గది సర్ది, సామానంతా పడగ్గదిలోకి తోసేసి తలుపేసినట్టు. వీళ్ళు ఆ తలుపు తీసి చూపించారు. ఆఖరికి వాళ్ళు చేసింది చాలావరకు అనవసరమైనవాటిని తీసేయడమే. ఎవరూ అడగనివాటిని ఎందుకు మొదలుపెడుతున్నాం అని అడగడమే.

ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో తిరిగే డిస్క్ లేదు. ఎస్సెస్డీలో ఎక్కడున్న ముక్కైనా మిల్లీసెకనులో పదో వంతుకే వస్తుంది. వరసలో చదవాలన్న తాపత్రయం చాలావరకు అనవసరమైపోయింది. సూపర్‌ఫెచ్ పేరు కూడా మారి సిస్‌మెయిన్ అయింది. ముందే తెచ్చిపెట్టే కళ యంత్రంలో అవసరం తగ్గి, మనుషుల మీద ప్రయోగించే కళగా పెరిగింది. అందుకే దాని పాత మర్యాదలు గుర్తు చేసుకోవడం అవసరమనిపిస్తోంది. ఎవరి చోటులో పెడుతున్నాం, ఊహ తప్పితే ఎవరు భరిస్తారు, దగ్గర పెట్టి ఆగుతున్నామా లేక మొదలుపెట్టేస్తున్నామా, గుర్తుపెట్టుకున్నది మర్చిపొమ్మంటే మర్చిపోతామా. ఈ నాలుగు ప్రశ్నలకీ సరిగ్గా జవాబు చెప్పగలిగితే, అడక్కుండా పెట్టడం ప్రేమే. చెప్పలేకపోతే ఎంత వేగంగా పెట్టినా పెత్తనమే. అది యంత్రం పెట్టినా, కంపెనీ పెట్టినా. ఇంట్లోవాళ్ళ విషయంలో రెండో ప్రశ్న ఒక్కటీ ముందు అడగొచ్చు. పెట్టించుకుంటున్నవాళ్ళే అడగాలి దాన్ని, పెట్టేవాళ్ళు ఎలాగూ అడగరు.